అర్జీ పరిష్కారమైందని మెసేజ్ వచ్చింది, బెల్టు షాపు మాత్రం అక్కడే ఉంది

కొవ్వూరు_కోడలు
మా ఊళ్లో ఆడవాళ్లందరం కలిసి బెల్టు షాపు మీద అర్జీ పెట్టాం. బడికెళ్లే దారిలో కిరాణా కొట్టు వెనక గదిలో లైసెన్సు లేకుండా మందు అమ్ముతాడు. పొద్దున్నే పాల ప్యాకెట్ కోసం వెళ్తే పక్కనే క్వార్టర్ సీసా ఇస్తూ కనిపిస్తాడు, సిగ్గూ లేదు, భయమూ లేదు. ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించాం. సోమవారం ఆటో మాట్లాడుకుని కలెక్టరాఫీసుకి వెళ్లి ఇచ్చాం. నంబరు వేసి రసీదు ఇచ్చారు, సంతోషపడ్డాం. మొన్న ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, "మీ అర్జీ పరిష్కరించబడినది" అని. ఏం పరిష్కరించారో దేవుడికే తెలియాలి. షాపు అక్కడే ఉంది, పైగా కొత్త ఫ్రిజ్ కూడా తెచ్చాడు. మా మరిదేమో "ఇంటర్నెట్లో పిటిషన్ పెట్టు వదినా, లక్ష సంతకాలొస్తే సీఎం దిగొస్తాడు" అంటున్నాడు. అసలీ సంతకాలతో ఏమన్నా అవుతుందా, కాగితం దండగేనా?

చింతపిక్క
మీ అర్జీతో ఫ్రిజ్ సమస్య పరిష్కారమైనట్టుంది.

అర్జీల_అప్పారావు
రెవెన్యూలో డిప్యూటీ తహసీల్దారుగా రిటైరయ్యాను. ఒకటి చెప్పమ్మా, అర్జీలో మొదటి వాక్యం ఏం రాశారు?

కొవ్వూరు_కోడలు
ఆఫీసు బయట చెట్టు కింద కూర్చుని అర్జీలు రాసే ఆయన రాశాడండి. "మా గ్రామంలోని పాఠశాల విద్యార్థులు తీవ్ర ఇబ్బందులు పడుతున్నందున" అని మొదలైంది. తర్వాత వీధిలైట్లు, మురుక్కాలవ, ఆ తర్వాత బెల్టు షాపు.

అర్జీల_అప్పారావు
అనుకున్నాను. కౌంటర్ దగ్గర కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రాడికి ఆ రోజు వందల్లో కాగితాలు వస్తాయి. మొదటి రెండు లైన్లు చూసి ఏదో ఒక శాఖ నొక్కుతాడు. మీదాంట్లో "పాఠశాల" కనబడింది, విద్యాశాఖకి కొట్టేశాడు. అది ఎంఈఓ, అంటే మండల విద్యాధికారి లాగిన్‌లోకి వెళ్తుంది. ఆయన బెల్టు షాపు మూయించగలడా? "సదరు విషయము ఈ కార్యాలయ పరిధిలోనిది కాదు" అని రాసి క్లోజ్ చేస్తాడు. గడువు దాటితే ఆయన పేరు ఎర్రరంగులో కనబడుతుంది, మీటింగులో తిట్లు పడతాయి. కాబట్టి ముందు క్లోజ్ చేయడం, తర్వాత మాట. మెసేజ్ ఆ క్లోజ్‌కి ఆటోమేటిగ్గా వెళ్లిందే, ఎవరూ కూర్చుని పంపింది కాదు.

ఒక కాగితానికి ఒకే సమస్య రాయాలి. మురుక్కాలవ పంచాయతీ కార్యదర్శికి, లైట్లు పంచాయతీకో కరెంటు వాళ్లకో, మందు సంగతి ఎక్సైజు వాళ్లకి. వేరేవేరేగా మూడు అర్జీలు ఇవ్వండి, మూడు నంబర్లు తీసుకోండి.

కొవ్వూరు_కోడలు
ఊళ్లో బాధలు మూడూ ఒక్కచోటే ఉంటే కాగితాలు మూడెందుకండీ? కలెక్టరు ఒక్కడే కదా.

అర్జీల_అప్పారావు
కలెక్టరు ఒక్కడే, లాగిన్లు బోలెడు.

ఇందూరు_పసుపు
మీ తాన ఒక్కడు దొంగతనంగ అమ్ముతుండు. మా దిక్కు ఊర్లల్ల ఇంకో కథ ఉంటది. వీడీసీ అని ఉంటది, ఊరి అభివృద్ధి కమిటీ. బెల్టు షాపు ఎవలు నడుపాల్నో ఆ కమిటోళ్లే వేలం పెడతరు. పాట పాడినోడు పైసలు కమిటీకి కడతడు, ఆ పైసలతోని గుడి కడతరు, బాట ఏస్తరు. ఇగ అద్దన్నోళ్లని ఊరికి ఎదురుతిరిగినట్టు చూస్తరు. మా చిన్నమ్మ ఒక్కతి లేసి అడిగినందుకు ఇంట్ల పెండ్లికి చాకలి రాలే, మంగలి రాలే. సంతకాలు పెట్టుమంటే ఎవలు పెడతరు చెప్పుండ్రి.

చింతపిక్క
గుడి కట్టడానికి బెల్టు షాపు వేలమా! దేవుడు నో అనలేదా?

ఇందూరు_పసుపు
దేవునికి ఓటు లేదు గద.

నెల్లూరు_మనవరాలు
సంతకం కాగితం దండగా అని అడిగారు చూశారూ, ఆ మాటకి మా అమ్మమ్మ బతికుంటే ఊరుకునేది కాదు. మాది నెల్లూరు జిల్లాలో సారా ఉద్యమం మొదలైన దూబగుంటకి దగ్గర్లోనే. 1990ల మొదట్లో సాక్షరతా ఉద్యమం వచ్చి రాత్రి బళ్లు పెట్టినప్పుడు అమ్మమ్మ పలక పట్టుకుంది. అంతకు ముందు బొటనవేలే. "వేలు ఎవరిదైనా ఒకటేలా కనబడుద్ది, పేరు రాస్తే నాదని తెలుస్తది" అనేది. ఆ బడుల్లో కూర్చున్న ఆడవాళ్లే 1992లో సారా దుకాణాల మీదికి వెళ్లారు. ముందు నడిచిన దూబగుంట రోశమ్మ గారి పేరు అందరికీ తెలుసు, కానీ ప్రతి ఊళ్లోనూ నలుగురైదుగురు రోశమ్మలు ఉన్నారు. కలెక్టరాఫీసు దగ్గర సారా వేలం పాట జరగకుండా అడ్డం కూర్చున్నారు. 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో సారా నిషేధం, అదే ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా. తర్వాత ఎన్టీఆర్ 1994 డిసెంబరులో ప్రమాణం చేసిన చోటే మద్య నిషేధం మీద సంతకం పెట్టాడు.

అప్పుడు ఫోన్లు లేవు, సైట్లు లేవు.

పాత_పేపరు
అంతా బాగుంది. 1997లో ఆ నిషేధం ఎత్తేశారుగా? అది కూడా చెప్పండి. ఉద్యమం చేసిన ఊళ్లలోనే ఇవాళ వైన్ షాపు బోర్డులు ఉన్నాయి. ఖజానాకి మందు డబ్బు కావాలి, ఏ పార్టీ వచ్చినా అంతే. సంతకాలూ ధర్నాలూ ఎన్ని చేసినా చివరికి బడ్జెట్ మాటే చెల్లుతుంది.

నెల్లూరు_మనవరాలు
@పాత_పేపరు ఎత్తేశారు, నిజమే. కానీ పాలిథిన్ ప్యాకెట్లలో వచ్చే ఆ సర్కారు సారా మళ్లీ రాలేదు. మా తాత దాంతోనే పోయాడు. ఆ నాలుగేళ్లలో మా అమ్మ టెన్త్ పాసయింది, ఫీజు కట్టడానికి ఇంట్లో డబ్బు మిగిలింది కాబట్టి. నాకు అది చాలు. మీ లెక్కలో అది ఓటమైతే కానివ్వండి.

డాలస్_డప్పు
బ్రిటన్లో పార్లమెంటు సైట్లో పిటిషన్‌కి 10,000 సంతకాలు వస్తే ప్రభుత్వం జవాబివ్వాలి, లక్ష దాటితే సభలో చర్చకి పరిశీలిస్తారు. అమెరికాలో వైట్‌హౌస్ సైట్లో కూడా లక్ష దాటితే జవాబు ఇచ్చేవారు, 2021లో తీసేశారు. ఇక్కడ ఉద్యోగం చేసే మొగుడి వెంట హెచ్4 వీసా మీద వచ్చిన మన ఆడపిల్లలు చదువుండీ ఇంట్లో కూర్చుని, ఉద్యోగాలు చేసుకోనివ్వండని ఏళ్ల తరబడి సంతకాలు పెట్టి, లేఖలు రాసి, 2015లో కొందరికి పని అనుమతి తెచ్చుకున్నారు. ఇండియాలో కూడా అలాంటి సైటు ఒకటి పెట్టాలి.

పాత_పేపరు
పెట్టాక దానికీ ఒక లాగిన్ ఉంటుంది, అక్కడా ఒక కుర్రాడు క్లోజ్ చేస్తాడు.

లాయరమ్మ
డాలస్ గారు చెప్పిన తేడా పెద్దదే. మన దగ్గర ఇన్ని సంతకాలొస్తే జవాబిచ్చి తీరాలన్న చట్టం లేదు. లోక్‌సభకీ రాజ్యసభకీ పిటిషన్ల కమిటీలున్నాయి కానీ అక్కడికి వెళ్లేవాళ్లు తక్కువ, ఎంపీ చేతుల మీదుగా వెళ్లాలి. కాబట్టి ప్రైవేటు సైట్లో లక్ష వచ్చినా, పది లక్షలొచ్చినా, ప్రభుత్వం పట్టించుకోవాల్సిన పని లేదు. అలాగని పనికిరాదనీ అనను. శానిటరీ ప్యాడ్ల మీద 12 శాతం జీఎస్టీ వేసినప్పుడు ఒక మహిళా ఎంపీ పెట్టిన ఆన్‌లైన్ పిటిషన్‌కి లక్షల్లో సంతకాలొచ్చాయి. కోర్టులో కేసు వేరే నడిచింది, వీధుల్లో గొడవ వేరే. 2018 జూలైలో పన్ను తీసేశారు.

మినపసున్ని
తీసేశాక ప్యాకెట్ ధర తగ్గిందా? మా షాపులో నేను చూసినంతవరకు పెద్ద తేడా రాలేదు.

లాయరమ్మ
@మినపసున్ని పన్ను లేని వస్తువుకి ముడిసరుకు మీద కట్టిన పన్ను వెనక్కి రాదు, కంపెనీలు దాన్ని ధరలో కలిపేస్తాయి. సంతకాలతో పన్ను పోయింది, ధర పోలేదు. రెండూ వేరు.

అర్జీల_అప్పారావు
సంతకాల లెక్క చూసి ఎవరూ చట్టం చేయలేదు లెండి. విద్యాసాగరుడు 1855లో వితంతు వివాహాలకి చట్టం చేయమని కలకత్తాలో ప్రభుత్వానికి అర్జీ పెట్టినప్పుడు సంతకాలు వెయ్యి లోపే. వద్దని రాధాకాంత దేబ్ వర్గం పెట్టిన ఎదురు అర్జీ మీద 30 వేలకి పైనే. సంఖ్య ప్రకారమైతే విద్యాసాగరుడు చిత్తుగా ఓడిపోవాలి. 1856 జూలైలో చట్టం వచ్చింది.

చింతపిక్క
అప్పుడూ ఫార్వర్డ్ చేసే బ్యాచ్ అటు వైపే ఎక్కువన్నమాట.

పాత_పేపరు
చట్టం వచ్చింది సరే. పెళ్లిళ్లు ఎన్నయ్యాయి? మన రాజమండ్రిలో వీరేశలింగం గారు మొదటిది చేసింది 1881 డిసెంబరులో. చట్టానికీ పెళ్లికీ మధ్య పాతికేళ్లు. అదీ పోలీసుల కాపలా మధ్య.

అర్జీల_అప్పారావు
@పాత_పేపరు చట్టమే లేకపోతే ఆ కాపలా పోలీసులు ఎవరి వైపు నిలబడేవాళ్లు?

పాత_పేపరు
...సరే, ఈ ఒక్కటి మీకిస్తున్నా.

గోంగూర_గృహిణి
అందరూ సంతకం పెట్టించడం గురించి మాట్లాడుతున్నారు, నేను పెట్టిన సంతకం గురించి చెప్పనా. 2011లో మా అన్నయ్యలు "అమ్మకి పెన్షన్ పేపర్లు, రామ్మా" అని రిజిస్ట్రారాఫీసుకి తీసుకెళ్లారు. కొత్త చీర పెట్టారు, దార్లో హోటల్లో పెసరట్టు ఉప్మా తినిపించారు. వేలిముద్రలు తీసుకుని ఫోటో కూడా తీశారు. పోయినేడు బ్యాంకు లోను కోసం ఈసీ (పొలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) తీయిస్తే తెలిసింది, నాన్న పొలంలో నా వాటా వదులుకుంటున్నట్టు హక్కు విడుదల పత్రం అది. నాకు పెళ్లయింది 1983లో. అసలు నాకు వాటా ఉందా లేదా అన్నదే ఇప్పటికీ అర్థం కాలేదు. మా వదినేమో "నీకు కట్నం ఇచ్చాంగా" అంటుంది.

మినపసున్ని
పెసరట్టుకి ఎకరాలా! అయ్యో అక్కా.

లాయరమ్మ
@గోంగూర_గృహిణి జాగ్రత్తగా చదవండి. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కు ఇస్తూ మన రాష్ట్రం 1986లోనే చట్టం చేసింది, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా. కానీ ఆ తేదీకి ముందే పెళ్లయినవాళ్లకి లేదు, అంటే ఆ చట్టం కింద మీకు లేదు. 2005లో కేంద్రం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించినప్పుడు పెళ్లి తేదీ షరతు పెట్టలేదు. తండ్రి ఆ రోజుకి బతికి ఉండాలా అన్న గొడవని సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో వినీతా శర్మ తీర్పులో తేల్చేసింది, అక్కర్లేదని. కాబట్టి అది పిత్రార్జితమై, 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు పంపకం కాకపోయుంటే, మీకు వాటా ఉన్నట్టే. నాన్నగారి స్వార్జితమైతే దారి వేరు, వీలునామా ఉందో లేదో చూడాలి.

ఇక ఆ పత్రం. మోసంతో తీసుకున్నారని రద్దు కోరాలంటే, మోసం తెలిసిన రోజు నుంచి మూడేళ్లలోపు దావా వేయాలి. ఆ ఈసీ మీద తేదీ ఉంటుంది, పారేయకండి. కట్నం ఇచ్చామన్న మాట వాటాకి జవాబు కాదు, అసలు కట్నం ఇవ్వడమే 1961 నుంచి నేరం. మీ వదిన ఆ మాట కోర్టులో అనకుండా ఉంటే వాళ్లకే మంచిది.

గోంగూర_గృహిణి
అన్నయ్యల మీద కోర్టుకెక్కితే రేపు మా అమ్మాయి పెళ్లికి మేనమామలు రారు కదమ్మా. ఆ సంగతి ఏ చట్టంలో ఉంటుంది.

నెల్లూరు_మనవరాలు
ఆ మేనమామల్ని ఆ రోజు పెళ్లిపీటల దగ్గర చూసి మీ అమ్మాయి ఏమనుకుంటుందో అడిగారా? ఆమెకి ఈ సంగతి చెప్పారా అసలు?

గోంగూర_గృహిణి
చెప్పలేదు.

బాధిత_భర్త
అర్జీలు, చట్టాలు అన్నీ ఆడవాళ్లకేనా? భార్యను వేధించామంటూ 498ఏ కేసులో మా ఇంటిల్లిపాదినీ ఇరికించారు. మా నాన్నకి ఎనభై ఏళ్లు. మగాళ్ల పిటిషన్‌కి ఎవరూ సంతకం పెట్టరు.

లాయరమ్మ
అనవసర అరెస్టులు చేయొద్దని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టే చెప్పింది. ముందు నోటీసిచ్చి విచారించాలి. మీ నాన్నగారి విషయంలో అది పాటించకపోతే మీ లాయరుతో గట్టిగా అడిగించండి. కానీ దానికి ఈవిడ ఊళ్లో బెల్టు షాపుతో సంబంధం ఏంటి? వేరే చర్చ మొదలుపెట్టండి, నేను వస్తాను.

చింతపిక్క
సంతకం కావాలంటే నేను పెడతా బాబాయ్, ముందు విషయం చదివి.

కొవ్వూరు_కోడలు
అసలు విషయానికి వద్దాం. ఇంకో చిక్కు వచ్చింది. అర్జీలో మొదటి సంతకం మా అంగన్‌వాడీ టీచరుది. అక్షరాలు ముత్యాల్లా ఉంటాయని ఆవిడ చేతే మొదలుపెట్టించాం. ఆ కాగితం ఎవరు చూపించారో గానీ షాపువాడు వాళ్లింటికొచ్చి "ఉద్యోగం ఉండాలా వద్దా" అని అడిగి వెళ్లాడు. ఇప్పుడావిడ ఏడుస్తోంది, పేరు తీసేయమంటోంది. ఇంకో నలుగురు కూడా వెనక్కి తగ్గారు. వాళ్లలో ఇద్దరిని రాత్రిళ్లు తాగొచ్చి కొట్టే మొగుళ్లు ఆ షాపు గిరాకీలే.

డాలస్_డప్పు
గుండ్రంగా సంతకాలు పెట్టండి. పాతకాలంలో ఓడల్లో నావికులు అలాగే చేసేవారట, మొదటి పేరు ఎవరిదో కెప్టెన్‌కి తెలియకుండా.

అర్జీల_అప్పారావు
గుండ్రంగా పెడితే రసీదు ఎవరి పేరున ఇస్తాడయ్యా? ఒక పేరు, ఒక ఫోన్ నంబరు లేకుండా అర్జీ ఎక్కదు. డ్వాక్రా గ్రామైక్య సంఘం పేరున ఇవ్వండి. తీర్మానాల పుస్తకంలో తీర్మానం రాసి, సభ్యులంతా అందులో సంతకాలు చేసి, ఆ పేజీ జిరాక్స్ జతచేయండి. అప్పుడు అర్జీదారు సంఘం. అంగన్‌వాడీ టీచరు పేరు పైన అక్కర్లేదు. సంఘం లీడరు ధైర్యస్తురాలేనా?

కొవ్వూరు_కోడలు
ధైర్యానికి లోటు లేదు. కానీ వాళ్లాయన షాపువాడికి వరసకి బావమరిది.

ఇందూరు_పసుపు
గిదే మా ఊర్ల కథ. అందరు అందరికి సుట్టాలే.

లాయరమ్మ
దెబ్బలు తినే ఆ ఇద్దరి సంగతి ఈ అర్జీలో కలపకండి. అది ఊరి సంతకాలతో నడిచేది కాదు, ఒక్కదాని సంతకం చాలు. గృహహింస చట్టం కింద, అంగన్‌వాడీలను చూసే ఐసీడీఎస్ ఆఫీసులో రక్షణాధికారి ఉంటారు, ఫిర్యాదు రాయించుకుని నివేదిక తయారుచేసి మేజిస్ట్రేటుకి పంపాలి. ఇల్లు మొగుడి పేరున ఉన్నా ఆమెను బయటికి గెంటడానికి వీల్లేదు. 181కి ఫోన్ చేసినా, హింసకి గురైన ఆడవాళ్లకి సాయం చేసే సఖి సెంటర్‌కి కలుపుతారు. కేసు అరవై రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉంది. నా దగ్గర మూడేళ్లుగా నడుస్తున్నవి ఉన్నాయి, అబద్ధం చెప్పను. కానీ మధ్యంతర ఉత్తర్వు త్వరగా వస్తుంది, చాలామందికి కావాల్సింది అదే.

పాత_పేపరు
ఎక్సైజు వాళ్లకి ఇస్తే మటుకు వాళ్లు దాడి చేస్తారా? ఆ బెల్టు షాపుకి సరుకు వచ్చేది లైసెన్సున్న వైన్ షాపు నుంచే. ఎక్సైజు వాళ్ల అమ్మకాల టార్గెట్లు వాళ్లవి.

అర్జీల_అప్పారావు
చేస్తారా లేదా అన్నది మొదటి అర్జీతో తేలదు. అందుకే అర్జీ సూటిగా రాయాలి. "బడికి దగ్గరగా ఉంది, దూరంగా పెట్టించండి" అని రాస్తే దానికి లైసెన్సు ఉన్నట్టు మీరే ఒప్పుకున్నట్టవుతుంది. బెల్టు షాపుకి లైసెన్సే లేదు, బడి పక్కనైనా చెరువు గట్టునైనా నేరమే. "ఫలానా ఇంటి నంబరులో, ఫలానా వేళల్లో, లైసెన్సు లేకుండా మద్యం అమ్ముతున్నారు, ఎక్సైజు చట్టం 1968 సెక్షన్ 34 కింద కేసు పెట్టగలరు" అని రాయండి. నెల తిరిగాక పది రూపాయలు పెట్టి సమాచార హక్కు కింద అడగండి: ఈ నంబరు అర్జీ మీద ఏ అధికారి ఏ తేదీన తనిఖీకి వెళ్లారు, పంచనామా నకలు ఇవ్వండి అని. వెళ్లకుండా వెళ్లామని రాయడం అప్పుడు కష్టం. నేను సర్వీసులో ఉండగా కలెక్టరు అర్జీ వస్తే భయపడేవాళ్లం కాదు, సమాచార హక్కు కాగితం వస్తే మాత్రం పాత ఫైలు వెతుక్కునేవాళ్లం.

చింతపిక్క
ఈ రహస్యం రిటైరయ్యాక చెప్తున్నారా మాస్టారూ.

అర్జీల_అప్పారావు
పెన్షన్ మొదలయ్యాకే.

మినపసున్ని
రాజస్థాన్‌లో ఊరి ఓటర్లలో సగానికి మించి వద్దని ఓటేస్తే మందు షాపు ఎత్తేయాలన్న రూలు ఉంది. 2016లో రాజ్‌సమంద్ జిల్లాలో కాఛ్‌బలి అనే ఊరు అలాగే మూయించింది. మన దగ్గరా అలాంటి రూలు ఉంటే బాగుండు.

పాత_పేపరు
అది లైసెన్సున్న షాపుకి. లేనిదానికి ఓటెందుకు, పోలీసు చాలు. ఆ పోలీసే రాకపోవడం కదా గొడవ.

కొవ్వూరు_కోడలు
సంఘం లీడరుతో ఇప్పుడే మాట్లాడి వచ్చా. "బావమరిదైతే ఏంటి, మా ఆయన కూలి డబ్బులు వాడి కొట్టుకే పోతున్నాయి" అంది. తీర్మానం రేపు సాయంత్రం మీటింగులో రాస్తాం. అంగన్‌వాడీ టీచరు కూడా పుస్తకంలో పెడతానంది, పైన కాదు, ఎక్కడో మధ్యలో. వచ్చే సోమవారం మూడు కాగితాలూ తీసుకుని వెళ్తాం. టైపు చేయించాలా, చేత్తో రాసినా పర్లేదా?

అర్జీల_అప్పారావు
చేత్తో రాసినా పర్లేదు, అంగన్‌వాడీ టీచరు చేత మాత్రం రాయించకండి. ఆ ముత్యాలు వాడు గుర్తుపడతాడు. రెండో కాపీ మీద ఆఫీసు స్టాంపు, తేదీ వేయించుకోవడం మర్చిపోకండి.

ఇందూరు_పసుపు
తీర్మానం ఎట్ల రాసిండ్రో ఫోటో తీసి ఈడ పెట్టక్కా, పేర్లు కనబడకుండ. మా చిన్నమ్మకు సూపిస్త.